ఇంటి బీమా దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు? తరచుగా అడిగే ప్రశ్నలు

మన దేశంలో ఇంటి బీమా అంటే చాలా వరకు ‘భారత్ గృహ రక్ష’ పాలసీయే. అందుకే ఈ జవాబులన్నీ ఆ పాలసీ షరతుల ప్రకారమే ఇచ్చాం. యాడ్-ఆన్‌లు (మూల పాలసీకి అదనంగా చేర్చుకునే రక్షణలు), ప్యాకేజీ పాలసీలు ఎక్కడ అవసరమవుతాయో అక్కడే చెప్పాం.

భారత్ గృహ రక్ష ఏ కంపెనీలో తీసుకున్నా ఒకటేనా?

మూల పాలసీ ఒకటే. ఇళ్లకు అంతకు ముందు ‘స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్’ అనే పాలసీ ఉండేది. దాని స్థానంలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ ప్రామాణిక పాలసీని తెచ్చింది. అగ్ని ప్రమాద బీమా వ్యాపారం చేసే ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ దీన్ని అమ్మి తీరాలి, మూల షరతులను మార్చకూడదు. ప్రీమియం, యాడ్-ఆన్‌లు, క్లెయిమ్ సేవల్లో మాత్రం కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు చూడాల్సినవి ఇవే.

పాలసీని ఒక ఏడాదికి తీసుకోవచ్చు, గరిష్ఠంగా 10 ఏళ్లకూ తీసుకోవచ్చు.

ఏయే ప్రమాదాలకు రక్షణ ఉంటుంది?

పాలసీలో పేరు పెట్టి రాసిన ప్రమాదాలకే. వాటిని నాలుగు గుంపులుగా చూస్తే సులువుగా అర్థమవుతుంది.

మొదటి గుంపు మంటలు, పేలుళ్లు: అగ్ని ప్రమాదం, పేలుడు, పిడుగు, అడవి మంటలు. రెండోది ప్రకృతి వైపరీత్యాలు: భూకంపం, తుపాను, సుడిగాలి, సునామీ, వరద, ముంపు, ఇల్లున్న నేల కుంగడం, కొండచరియలు విరిగిపడటం. మూడోది మనుషుల వల్ల జరిగేవి: అల్లర్లు, సమ్మెలు, కావాలని చేసిన విధ్వంసం, ఉగ్రవాద చర్యలు, క్షిపణి పరీక్షలు. ఇక చివరి గుంపులో బయటి నుంచి ఏదైనా వచ్చి తగలడం (చెట్టు కూలడం, వాహనం గుద్దడం వంటివి), నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం లేదా పొంగిపొర్లడం, ఆటోమేటిక్ స్ప్రింక్లర్ల నుంచి నీరు కారడం వస్తాయి.

వరదకూ భూకంపానికీ విడిగా అదనపు ప్రీమియం కట్టాలా అని చాలామంది అడుగుతుంటారు. అక్కర్లేదు, అవి మూల పాలసీలోనే ఉన్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నంపై విరుచుకుపడినప్పుడు గాలికి జరిగిన లాంటి నష్టమైనా, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో ఇళ్లు మునిగిన లాంటి నష్టమైనా ఈ పాలసీ పరిధిలోకే వస్తుంది.

ఇంట్లో దొంగలు పడితే డబ్బు వస్తుందా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తాళం పగలగొట్టి చేసిన మామూలు దొంగతనానికి మూల పాలసీలో రక్షణ లేదు. పాలసీలో ‘దొంగతనం’ అన్న మాట కనిపిస్తుంది కాబట్టి ఉందనుకుంటారు. ఆ వాక్యం పూర్తిగా చదవండి: పైన చెప్పిన ప్రమాదాల్లో ఏదో ఒకటి జరిగి, దాని కారణంగానే, 7 రోజుల లోపు జరిగిన దొంగతనానికే అది వర్తిస్తుంది. వరదకు ఇల్లు వదిలి వెళ్లినప్పుడు ఎవరో సామాన్లు ఎత్తుకుపోతే వస్తుంది. పెళ్లికని ఊరెళ్లినప్పుడు దొంగలు పడితే రాదు. ఆ 7 రోజుల దొంగతనంలో కూడా ఇంటి బయట ఉంచిన వస్తువులకు రాదు. బయటి గోడకో, కప్పు మీదో ఉన్న వాటికి, అవి గట్టిగా బిగించి ఉంటేనే వస్తుంది.

దొంగతనానికి రక్షణ కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, ‘బర్గ్లరీ’ యాడ్-ఆన్ తీసుకోవడం. రెండోది, ‘హౌస్‌హోల్డర్స్’ ప్యాకేజీ పాలసీ. ఇందులో అగ్ని ప్రమాదం, దొంగతనం, నగలు, గృహోపకరణాలు చెడిపోవడం, ఇతరులకు కలిగించిన నష్టం వంటివి వేర్వేరు సెక్షన్లుగా ఉంటాయి, కావలసినవి ఎంచుకోవచ్చు. ఏది తీసుకున్నా ఈ మూడూ చూడండి: బలవంతంగా లోపలికి చొరబడిన ఆనవాళ్లు ఉండాలని షరతు ఉందా, ఇంట్లో పనిచేసే వాళ్లు చేసిన దొంగతనాన్ని మినహాయించారా, ఇల్లు వరుసగా ఎన్ని రోజులు తాళం వేసి ఉంటే రక్షణ ఆగిపోతుంది. నెలల తరబడి పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్లే తల్లిదండ్రులకు ఈ మూడో షరతు చాలా ముఖ్యం. వెళ్లే ముందే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దాచుకోవాలి.

బీమా ఎంతకు చేయించాలి? ఫ్లాట్ మార్కెట్ ధరకా?

కాదు. భూమి కాలిపోదు, కొట్టుకుపోదు. అందుకే కట్టడాన్ని మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకే బీమా. లెక్క సులువు: కార్పెట్ ఏరియాను, పాలసీ మొదలయ్యే రోజున మీ ప్రాంతంలో చదరపు అడుగుకు ఉన్న నిర్మాణ వ్యయంతో గుణించాలి.

ఉదాహరణకు 1,000 చదరపు అడుగుల కార్పెట్ ఏరియా ఉన్న ఫ్లాట్ మార్కెట్లో 90 లక్షలు పలుకుతోందనుకుందాం. నిర్మాణ వ్యయం చదరపు అడుగుకు 2,500 రూపాయలు అయితే భవనానికి బీమా మొత్తం 25 లక్షలే. 90 లక్షలకు చేయించినా మళ్లీ కట్టడానికి నిజంగా అయ్యే ఖర్చుకు మించి రాదు. మిగతా దానికి కట్టిన ప్రీమియం వృథా.

చదరపు అడుగు ధర తెలియకపోతే మీ వీధిలో ఇల్లు కట్టిస్తున్న మేస్త్రీనో, సివిల్ ఇంజనీరునో అడగండి. పునాది నుంచి రంగుల దాకా కలిపి చెప్పమనండి, ఒట్టి గోడలు, శ్లాబు ధర కాదు. టేకు తలుపులు, గ్రానైట్, మాడ్యులర్ వంటగది వంటివి ఇంటికే స్థిరంగా బిగించి ఉంటాయి కాబట్టి భవనంలో భాగం. ఆ నాణ్యతకు తగ్గ ధరే వేయాలి.

కార్పెట్ ఏరియాలో బాల్కనీ, పార్కింగ్ కలుస్తాయా?

కొంత వరకు. ఇంటి లోపల వాడుకోగల నేల వైశాల్యం, లోపలి అడ్డుగోడలతో సహా, పూర్తిగా లెక్కకొస్తుంది. బయటి గోడలు, సర్వీస్ షాఫ్ట్‌లు రావు. బాల్కనీ, వరండా, టెర్రస్, పార్కింగ్ వైశాల్యంలో 25 శాతం కలుపుకోవాలి. అదే స్థలంలో విడిగా కట్టిన గది ఉంటే దాని లోపలి వైశాల్యం మొత్తం కలపాలి. సేల్ డీడ్‌లో ఉండే సూపర్ బిల్టప్ ఏరియాను నేరుగా తెచ్చి వేయకండి. కామన్ ఏరియాలో వాటా కూడా అందులో ఉంటుంది కాబట్టి లెక్క పెరిగిపోతుంది.

ప్రహరీ, గేటు, గ్యారేజీ, లిఫ్టు, సోలార్ పలకలు, నీళ్ల ట్యాంకు వంటివీ భవనం కింద బీమా చేయించుకోవచ్చు. ప్రపోజల్ ఫారంలో వాటిని పేర్కొనండి.

పొరపాటున తక్కువ మొత్తానికి చేయిస్తే క్లెయిమ్‌లో కోత పెడతారా?

పాత పాలసీల్లో పెట్టేవారు. 40 లక్షల ఇంటికి 20 లక్షలకే బీమా ఉంటే, 4 లక్షల నష్టం జరిగినా సగమే, అంటే 2 లక్షలే చేతికొచ్చేది. భారత్ గృహ రక్షలో ఈ నిష్పత్తి కోతను పూర్తిగా ఎత్తేశారు. అదే 4 లక్షల నష్టానికి ఇప్పుడు 4 లక్షలూ వస్తాయి. ఇంత మేలైన నిబంధన ఇంటి యజమానులకు మునుపు లేదు.

అయితే రెండు హద్దులున్నాయి. ఇల్లు మొత్తం కూలిపోతే బీమా మొత్తానికి మించి రాదు, అప్పుడు ఆ 20 లక్షలతో 40 లక్షల ఇల్లు లేవదు. రెండోది, ప్రీమియం తగ్గుతుందని వైశాల్యాన్ని తెలిసి తెలిసి తగ్గించి రాస్తే అది తప్పుడు సమాచారం కిందకు వస్తుంది. దాని మీద క్లెయిమే వివాదంలో పడుతుంది.

ఏటా 10 శాతం పెంపు అంటే ఏమిటి?

సిమెంటు, స్టీలు, కూలీ రేట్లు పెరుగుతాయి కాబట్టి పాలసీ కాలంలో భవనం బీమా మొత్తం ఏడాదికి 10 శాతం చొప్పున దానంతటదే పెరుగుతుంది. అదనపు ప్రీమియం ఉండదు. ఈ పెంపు మొదటి మొత్తానికి 100 శాతం వరకు మాత్రమే. 30 లక్షలతో 10 ఏళ్ల పాలసీ తీసుకుంటే అయిదేళ్లు నిండేసరికి అది 45 లక్షలు అవుతుంది. పాలసీ చివరి రోజుల్లో దాదాపు 60 లక్షలకు చేరుతుంది. 10 శాతం ఎప్పుడూ మొదటి మొత్తం మీదే, చక్రవడ్డీలా కాదు.

ఇంట్లోని సామాన్లకు విడిగా జాబితా ఇవ్వాలా?

భవనానికి బీమా చేయిస్తే మామూలు సామాన్లకు రక్షణ జాబితా లేకుండానే కలిసి వస్తుంది. భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు. పై ఉదాహరణలో భవనానికి 25 లక్షలు కాబట్టి సామాన్లకు 5 లక్షలు. మంచాలు, బీరువాలు, టీవీ, వాషింగ్ మెషిన్, వంట సామగ్రి, బట్టలు అన్నీ ఇందులోకే వస్తాయి.

ఇది చాలదనుకుంటే వివరాలిచ్చి ఎక్కువ మొత్తానికి తీసుకోవచ్చు. గది గదికీ తిరిగి, ఇప్పుడు కొత్తది కొంటే ఎంతవుతుందో రాసుకుంటూ పోతే మొత్తం ఎంతో తేలుతుంది. కొన్న నాటి ధర కాదు, ఇవాళ్టి కొత్త ధర వేయాలి. ఈ పని చేసేటప్పుడే ఫోన్‌తో వీడియో తీసి, ఇంట్లో కాకుండా ఈమెయిల్‌లోనో క్లౌడ్‌లోనో దాచండి. బిల్లులు కూడా కాలిపోయినప్పుడు, నష్టాన్ని లెక్కగట్టే సర్వేయరుకు చూపించడానికి మిగిలేది అదొక్కటే.

బంగారం, వెండి, పెయింటింగుల సంగతి?

ఇవి ‘విలువైన వస్తువులు’. దానంతటది వచ్చే 20 శాతంలో ఇవి ఉండవు. వీటికి ఐచ్ఛిక కవర్ తీసుకోవాలి. ముందే ఒప్పుకున్న విలువకు బీమా ఇస్తారు, అందుకోసం విలువ ధ్రువపత్రం అడుగుతారు. అయితే మొత్తం బీమా 5 లక్షల లోపు ఉండి, ఏ ఒక్క వస్తువు విలువా లక్ష దాటకపోతే ధ్రువపత్రం అక్కర్లేదు.

ఈ ఐచ్ఛిక కవర్ కూడా అగ్ని, వరద వంటి ఆ ప్రమాదాలకే. నగలు బస్సులో పోయినా, ఫంక్షన్ హాల్లో జారిపోయినా రాదు. దానికి నగల మీద ‘ఆల్ రిస్క్’ సెక్షన్ ఉన్న పాలసీ కావాలి. బంగారు కడ్డీలు, పొదగని రత్నాలు, నగదు, చెక్కులు, దస్తావేజులకు మూల పాలసీ వర్తించదు. ఇంట్లో నగదు దాచే అలవాటున్న వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

వోల్టేజీ పెరిగి టీవీ, ఫ్రిజ్ కాలిపోతే?

షార్ట్ సర్క్యూట్, వోల్టేజీ హెచ్చుతగ్గులు, దానంతటది వేడెక్కడం వల్ల పాడైన పరికరానికి పరిహారం లేదు. దానికి కారణం పిడుగైనా సరే, ఇదే మినహాయింపు. కానీ ఆ మినహాయింపు ఆ ఒక్క పరికరానికే పరిమితం. ఫ్రిజ్‌లో షార్ట్ సర్క్యూట్ అయి మంటలు లేచి వంటగది కాలితే ఫ్రిజ్‌కు రాదు, వంటగదికీ మిగతా సామాన్లకూ వస్తుంది. సర్వేయర్ నివేదికలో మంట ఎక్కడ పుట్టిందో, ఎంత దూరం పాకిందో స్పష్టంగా రాయించుకోవాలని చెప్పేది అందుకే. పరికరాలకే రక్షణ కావాలంటే ప్యాకేజీ పాలసీలో ఉపకరణాల సెక్షన్ చూడండి.

గోడల్లో తేమ, చెదలు, పగుళ్లు?

వర్తించదు. కాలం గడిచే కొద్దీ జరిగే అరుగుదల, చెమ్మ, చెదలు, తుప్పు ఇంటి నిర్వహణ కిందకు వస్తాయి. కొత్త కట్టడం సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు పగుళ్లు, పూడ్చిన నేల కుంగడం, నది లేదా సముద్రపు కోత, నాసిరకం పనితనం వల్ల జరిగే నష్టం కూడా మినహాయింపులే. చెరువు పూడ్చిన స్థలంలో ఇల్లు కొనేవాళ్లు ‘నేల కుంగితే బీమా ఉందిలే’ అని ధీమాగా ఉండకూడదు.

నీటి విషయంలో అసలు ప్రశ్న: అకస్మాత్తుగా జరిగిందా, నెలల తరబడి ఊరిందా? పైపు పగిలి ఒక్కసారిగా నీరు చిమ్మితే వస్తుంది. సన్నగా కారుతూ ప్లాస్టరు ఊడిపోతే రాదు. మీ ట్యాంకు పొంగి కింది అంతస్తు వాళ్ల సీలింగ్ పాడైతే, వాళ్లకు మీరు కట్టాల్సిన డబ్బు మీ ఇంటి పాలసీ నుంచి రాదు. దానికి ‘పబ్లిక్ లయబిలిటీ’ కవర్ ఉండాలి.

సెల్లార్‌లోకి వరద నీరు వచ్చి కారు మునిగితే?

కారు, బైకు ఇంటి సామాన్లు కావు. వాటికి మోటారు పాలసీలో సొంత నష్టం కవర్ ఉండాలి. సెల్లార్ గోడలు, లిఫ్టు, మోటార్లు అసోసియేషన్ తీసుకున్న భవన పాలసీలో ఉన్నాయో లేదో చూసుకోండి.

గ్యాస్ సిలిండర్ పేలితే?

పేలుడు మూల పాలసీలోనే ఉంది, ఇంటికీ సామాన్లకూ వర్తిస్తుంది. ఇది కాక, ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు గ్యాస్ వినియోగదారుల కోసం సొంతంగా బీమా తీసుకుంటాయి. రిజిస్టరైన చిరునామాలో ప్రమాదం జరిగితే ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు అందులో ఇవ్వచ్చు. దీనికి మీరు ప్రీమియం కట్టనక్కర్లేదు, కానీ డీలరుకు వెంటనే రాతపూర్వకంగా తెలపాలి. ఇల్లు మారాక గ్యాస్ కనెక్షన్ చిరునామా మార్చుకోని వాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు.

రిపేర్లు జరిగినన్నాళ్లూ అద్దె ఇంట్లో ఉంటే ఆ అద్దె?

బీమా ఉన్న ప్రమాదం వల్లే ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోతే ఆ అద్దె ఇస్తారు. మీరే అద్దెకిచ్చిన ఇల్లయితే మీకు రాకుండా పోయిన అద్దె ఇస్తారు. ఇల్లు బాగు చేయడానికి సహజంగా పట్టేంత కాలానికే ఇది, అదీ గరిష్ఠంగా మూడేళ్లు. ఇల్లు ఉండటానికి పనికిరాదని ఆర్కిటెక్ట్ లేదా స్థానిక సంస్థ నుంచి ధ్రువపత్రం తేవాలి. చాలామంది దీన్ని తర్వాత తేవచ్చనుకుంటారు. ప్రమాదం జరిగిన వారంలోనే తెచ్చుకోండి, శిథిలాలు తొలగించాక ఎవరూ సంతకం పెట్టరు.

దీనితో పాటు ఆర్కిటెక్ట్, ఇంజనీరు ఫీజులకు క్లెయిమ్ మొత్తంలో 5 శాతం వరకు, శిథిలాల తొలగింపుకు 2 శాతం వరకు మూల పాలసీలోనే ఉన్నాయి. అడగకపోతే లెక్కలోకి రావు, బిల్లులు జతచేయండి.

ఐచ్ఛికంగా మరొకటి ఉంది: అదే ప్రమాదంలో పాలసీదారు గానీ, జీవిత భాగస్వామి గానీ మరణిస్తే ఒక్కొక్కరికి 5 లక్షలు.

మేం అద్దెకున్నాం. మాకెందుకు?

భవనం యజమానిది, సామాన్లు మీవి. సామాన్లకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. యజమాని పాలసీ మీ సోఫాకో, లాప్‌టాప్‌కో పైసా ఇవ్వదు.

బ్యాంకు హోమ్ లోన్‌తో పాటు బీమా ఇచ్చింది. అది చాలదా?

ముందు ఆ కాగితం తీసి అది ఏ బీమానో చూడండి. చాలా సందర్భాల్లో అది రుణగ్రహీత చనిపోతే అప్పు తీర్చే జీవిత బీమా. వరదకు ఇల్లు కూలితే అందులోంచి ఏమీ రాదు. నిజంగా ఆస్తి బీమాయే అయితే రెండు విషయాలు సరిచూడండి. బీమా మొత్తం మిగిలిన అప్పుకు సరిపడా మాత్రమే వేశారా, లేక నిర్మాణ వ్యయానికా? సామాన్లు ఉన్నాయా? అప్పు ఉన్నంత కాలం పాలసీలో బ్యాంకు పేరు ఉంటుంది, క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్లవచ్చు. అప్పు తీరగానే ఆ పేరు తీసేయిస్తూ ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పును నమోదు చేసే పత్రం) రాయించుకోండి.

పైన ఇంకో గది వేస్తున్నాం. చెప్పాలా?

చెప్పాలి. కార్పెట్ ఏరియా 10 శాతానికి మించి పెరిగితే, అదనపు ప్రీమియం కట్టి పాలసీలో చేర్పించేదాకా ఆ కొత్త భాగానికి రక్షణ లేదు. ఇల్లు అద్దెకిచ్చినా, కింది భాగాన్ని దుకాణంగా మార్చినా తెలపాలి. మొదటి నుంచి కడుతున్న ఇంటికి ఈ పాలసీ కాదు, ‘కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్’ పాలసీ తీసుకోవాలి.

క్లెయిమ్ ఎలా చేయాలి?

ప్రాణాలకు ముప్పు తప్పాక కంపెనీకి వెంటనే ఫోన్ చేసి, ఈమెయిల్ కూడా పంపండి. మంటలైతే ఫైర్ స్టేషన్‌కు, దొంగతనం, అల్లర్లు, విధ్వంసమైతే పోలీసులకు చెప్పి నివేదిక తీసుకోండి. నష్టం ఇంకా పెరగకుండా చూడటం మీ బాధ్యత: టార్పాలిన్ కప్పండి, నీరు తోడేయండి, కరెంటు మెయిన్ ఆపేయండి. అయితే సర్వేయర్ చూసేదాకా పాడైన వస్తువులను పారేయకూడదు. కుళ్లిపోయేవి తప్పనిసరిగా పారేయాల్సొస్తే ముందు దగ్గరి నుంచీ దూరం నుంచీ ఫొటోలు తీసి, లెక్క రాసుకోండి. వరద నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గోడ మీద మరకను టేపు పెట్టి ఫొటో తీయండి. ఏ ఎత్తులో ఉన్న వస్తువులు తడిశాయో తేల్చేది ఆ మరకే.

నష్టాన్ని గమనించిన నాటి నుంచి 30 రోజుల లోపు క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. రిపేరు ఎస్టిమేటులో ‘లంప్‌సమ్’ అని కాకుండా పని వారీగా, చదరపు అడుగుల్లో, బస్తాల్లో రాయించండి. గంపగుత్త అంకెలనే సర్వేయర్లు ఎక్కువగా తగ్గిస్తారు.

2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సమాచారం అందిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో సర్వే నివేదిక రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఈ తేదీలను మీరే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

తిరస్కరిస్తే లేదా తక్కువ ఇస్తే?

ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి, సర్వే నివేదిక ప్రతి కూడా అడగండి. ఆ తర్వాత కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా ఏడాది లోపు, పాలసీదారుల ఫిర్యాదులను పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అదే అంశం మీద అప్పటికే వినియోగదారుల కమిషన్‌లోనో, కోర్టులోనో కేసు ఉంటే అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు కాబట్టి, ఏ దారిలో వెళ్లాలో మొదటే నిర్ణయించుకోండి.